ఆకు మడత

"ఈ గుడి తలుపు తెరుచుకున్నన్నాళ్ళూ డాక్టరు గారి మందు ఆగదు."

ఎవరి మాటండీ ఇది, కూర్మనాథం బాబాయ్? మీదే. జూన్‌లో డాక్టరు గారు పోయిన వారానికి, ఇదే మండపంలో, ఆయన ఫొటోకి దండ వేసి మైకులో అన్నారు. గుడి కమిటీ ప్రెసిడెంటు హోదాలో అన్నారు. తెలుగులో ఒకసారి, బర్మీస్‌లో ఒకసారి. జనం చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ కదా అని ఆగిపోయారు.

మరి గుడి తలుపు తెరిచే ఉంది. పక్క గదికి ఆ తాళం ఏటి?

కూర్చోమనకండి. టీ కూడా వద్దు. మీ ఇంటి నుంచి వచ్చిన టీ తాగితే సగం కోపం చల్లారిపోద్ది, అది మీకూ తెలుసు.

శాస్త్రి గారా? ఆ విశాఖ శాస్త్రి గారు అపచారం అన్నారా? మందుబిళ్ళలు తీర్థంతో కలిపి ఇవ్వకూడదన్నారా? సరే. ఒక్క సందేహం తీర్చండి. ఆయన విమానం దిగింది శుక్రవారం. తాళం పడింది బుధవారం. ఆకాశంలో ఉండగానే అపచారం కనిపించిందా ఆయనకి?

ఇంకోటి. తీర్థంతో ఇచ్చే ఆకు మడతలో ఏముందో ఆయనకి ఎవరు చెప్పారు? ఇక్కడ నాలుగేళ్ళుగా తీర్థం తీసుకుంటున్న వాళ్ళకే, పక్కవాడి మడతలో ఏముందో తెలీదే!

తెలియకూడదనే కదా డాక్టరు గారు అలా పెట్టింది. మీరు మర్చిపోయినట్టున్నారు, నేను చెప్తాను. క్షయ రోగులు ఆసుపత్రి మందు మధ్యలో మానేస్తున్నారు. కానీ తెల్లారి డ్యూటీ బస్సెక్కే ముందు అమ్మవారి తీర్థం మాత్రం మానట్లేదు. అది చూశారాయన. ఆయనకి తెలుగు రాదు కదా, పూజారి గారి పక్కన నిలబడి, తీర్థంతో పాటే మందూ ఇవ్వొచ్చా అని నాతో అడిగించారు. అందరికీ తమలపాకు మడతే. బాగున్న వాళ్ళ మడతలో పటికబెల్లం, రోగుల మడతలో ఎర్ర బిళ్ళలు. పక్క గదిలోకి వెళ్ళి, తలా ఒక గ్లాసు నీళ్ళతో అక్కడే మింగాలి. ఎవరు ఏం మింగారో అమ్మవారికి తెలుసు, నర్సు సాన్ సాన్‌కి తెలుసు. అంతే. ఆయన కూడా రోజూ వరసలో నిలబడి తన బీపీ మాత్ర అలాగే మింగేవారు.

ఏ దేశంలోనైనా చూశారా ఇలాంటిది? ఆరోగ్యం భిక్ష కాదు, హక్కు అని మనం గోడల మీద రాస్తాం. ఆయన దాన్ని ఆకులో మడిచి చేతిలో పెట్టాడు.

నవ్వకండి. నినాదాలే. అరువు తెచ్చుకున్నవే. అయితే ఏటి?

అసలు ఎవరికి దండ వేశారో తెలుసా మీకు? "ఊ కాయోదే, ఊ కాయోదే" అని బర్మీస్ మర్యాదతో పిలిచారు గాని, ఒక్కనాడైనా అడిగారా, మీది ఏ ఊరు నాయనా అని? నైజీరియాలో అబెయోకుటా. వాళ్ళమ్మ నీలిమందు తొట్టెలో బట్టలు ముంచి అమ్మేది. మోచేతుల దాకా నీలమేనట, శవపేటికలో కూడా వదల్లేదట. ఆ రంగు డబ్బుతో డాక్టరీ చదివాడు. ఊళ్ళు తిరిగాడు. వాళ్ళ రాష్ట్రానికి ఆరోగ్య శాఖ పెద్ద అయ్యాడు, మన లెక్కలో మంత్రి అన్నమాట. ముందో జీపు, వెనకో జీపు.

ఒకరోజు చెప్పకుండా ఓ పల్లె ఆసుపత్రికి వెళ్ళాడు. టీకాల ఫ్రిజ్ తెరిస్తే లోపల అధికారి గారి చేపలు, బీరు సీసాలు. టీకాలు ఫ్రిజ్ మీద, ఎండలో. ఆ ఊళ్ళో తట్టు సోకి పిల్లలు పోతున్నారు. పేపర్లకి చెప్పేశాడు. మాట వెనక్కి తీసుకోమన్నారు. మాట తీసుకోలేదు, జీపులు వెనక్కిచ్చాడు. పబేడాన్ పేట టీకొట్లో కూర్చుని ఇదంతా నాకు చెప్పి, "ఆ చేపలు మాత్రం చాలా తాజాగా ఉన్నాయి అమర్" అని పగలబడి నవ్వాడు బాబాయ్. నాకు నవ్వు రాలేదు.

అలాంటి మనిషి జనానికి మందివ్వడానికి ఈ బర్మా దాకా వచ్చి, ఇక్కడ పజుండౌంగ్ పేటలో, లిఫ్టు లేని మూడో అంతస్తులో, మెట్ల మీద గుండె ఆగి పోయాడు.

ఆయన బతికుండగా మీరేమన్నారో నేను విన్నాను. విన్నాను! "ఆ నల్లాయన ముట్టుకున్న ఆకు అమ్మవారి ముందు పెట్టొచ్చా" అని పూజారి గారిని అడిగారు. బజార్లో బర్మా వాడెవడైనా మన ఇండియా వాళ్ళని హేళనగా "కలా" అంటే ఒళ్ళు మండిపోద్ది కదా మీకు? పోయినేడు ఆ బస్సు కండక్టరు మీద చెయ్యెత్తారు కూడా. ఆ మాటకి మీరు పడ్డ బాధ, మీ మాటకి ఆయన పడడా? మీరన్నదేంటో తర్జుమా చెయ్యమని ఆయన నన్నడిగాడు బాబాయ్. నేను, "ఆకులు బాగా కడగమంటున్నారు" అని చెప్పాను. ఆయన మర్నాటినుంచి మరోసారి కడిగాడు.

కాబట్టి శాస్త్రి గారి మీద పెట్టకండి. ఎవరు వెయ్యమన్నారు తాళం? గోపురానికి బంగారు పూత పూయిస్తానన్న ఆ పెద్దమనిషా? రోగులతో ఒకే వరసలో నిలబడలేనన్నాడా? వార్డు ఆఫీసు నుంచి ఫోనొచ్చిందా? లేక ఎవరూ ఏమీ అనకముందే మీరే భయపడ్డారా? నాకు ఆ చివరిదే అనుమానం.

బిళ్ళలున్నాయి. నర్సు ఉంది. తలుపొక్కటే లేదు. సాన్ సాన్ వానలో గొడుగేసుకుని బస్టాపులో నిలబడుతోంది. నలుగురు వస్తున్నారు. మిగతావాళ్ళు దూరం నుంచి చూసి బస్సెక్కి పోతున్నారు. మందు మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుందని, తర్వాత ఈ బిళ్ళలకి లొంగదని ఆయన మీకు చెప్పలేదా? నేనే కదా తెలుగులో చెప్పాను!

నాకెందుకు ఇంత ఆవేశం అంటారా?

చెప్పకూడదు. ఎవరి మడతలో ఏముందో బయటికి చెప్పకూడదని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

భానుప్రియ. మా చెల్లి. చాలా? ఇంకా రెండు నెలల మందు మిగిలుంది. తాళం పడ్డప్పటినుంచి ఒక్క బిళ్ళ మింగలేదు. పెద్ద క్లినిక్‌కి రమ్మంటే, "అన్నా, గుళ్ళో అయితే నేను భక్తురాల్ని, అక్కడైతే రోగిని" అంటోంది. గార్మెంట్ ఫ్యాక్టరీలో తెలిస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. నిన్నటినుంచి మళ్ళీ సాయంత్రం జ్వరం.

ఏటీ?

మళ్ళీ అనండి. మీ ఇంటికి పంపమంటారా? వెనక గుమ్మం నుంచి? పిన్ని దగ్గరుండి మింగిస్తుందా, కంటిపాపలా చూసుకుంటుందా? ఇంకెవరికీ చెప్పొద్దంటారా?

అబ్బ. ఎంత తేలిగ్గా అన్నారు బాబాయ్!

నిజం చెప్పనా? సరే అనబోయాను. నోటిదాకా వచ్చింది. మిగతావాళ్ళ మొహాలు ఒక్కటీ గుర్తు రాలేదు. దాని జ్వరమే గుర్తొచ్చింది. మీ తాళం కన్నా నాకు ఇదే ఎక్కువ భయంగా ఉంది. ఇంకోసారి అడిగితే ఒప్పుకుంటానేమో. అందుకే ఇంకోసారి అడగొద్దు.

మా చెల్లి మీ వెనక గుమ్మం ఎక్కదు. ఎక్కితే మిగతావాళ్ళ గది నేను అమ్మేసినట్టే.

గది తెరవండి. లేదా తాళం ఎందుకు వేశారో తీర్థం వరసలో నిలబడ్డ వాళ్ళ మొహాలు చూసి చెప్పండి. నాకు చెవిలో కాదు. మీ జవాబు కోసం ఈ ఆదివారం పొద్దున్న, తీర్థం వేళకి, ఇదే మండపంలో ఉంటాను, చెల్లిని కూడా తీసుకొస్తాను. ఆగస్టు పదిహేడు.