బాయి కాడ కావలి

ఏం జెప్పాలెనే మగ్దలేనా, నీ బిడ్డ నెల సంది నాతోని మాట్లాడలే. అన్నం వెడ్తది, మొకం అటు తిప్పుకుంటది. నిన్న బట్టలు మూట గట్టుకొని జమ్మికుంటకు, మీ చెల్లె ఇంటికి వోయింది. "బాపూ, నీ చేతి నీళ్లు తాగబుద్ధి అయితలేదు" అన్నది. గంత మాటనా!

నువ్వన్న ఇను. సమాధిల ఉన్నదానివి, లేచి పోలేవు గదా.

రజాకార్ల దినాలల్ల కొందరు, ఆ తర్వాత సర్కారు క్యాంపులల్ల కొందరు, మన సుల్తానాబాద్ దిక్కు ఎన్ని పీనుగులు లేచినయో నువ్వు జూడలేదా? "గిసొంటి జాగలనే శాంతి సంస్థ వెట్టాలె. పగలు, కొట్లాటలు వోవాలె, పంటలు పండాలె. దేశం మొత్తానికి ఒక్కటే సంస్థ, అది మనదే కావాలె" అనుకుంట రామచంద్రం సారు తిరగని గడప లేదు. మంచోడే. ఇప్పటికీ మంచోడే అంట నేను.

సంస్థ బాయి తవ్వే పని మనకే ఇచ్చిండు. మూడు నెల్లు! లోపల గడ్డపారతోని నేను, ఒడ్డు మీద తట్టతోని నువ్వు. బండ వగిలి ఊట చిమ్మిన్నాడు ఎంత నవ్వినవే! కొంగు తడిపి నా మొకం తుడిసినవ్.

తెల్లారి, జాగ ఇచ్చిన పెద్దలచ్చిండ్రు. "కిరస్తానంల గలిస్తే మీ కులం వోతదా? మీ కడువ బాయిల వడ్తే జాగ వాపస్" అన్నరు. సారు నన్ను పక్కకు విలిచిండు. "జర ఓపిక వట్టు ఏలియా. సంస్థ నిలవడనీ. ఇప్పుడు లొల్లి అయితే ఇంక శాంతి ఏడిది?"

అంటే మనం దూప ఓర్సుకుంటే శాంతి, నీళ్లు అడిగితే లొల్లి.

ఓర్సుకున్నం. ఎండకాలమంత వాగుల చెలిమె నీళ్లే తాగినం. గత్తరొచ్చె, వాంతులు, బేదులు. రెండు దినాలల్ల నువ్వు వోయినవ్. బాయి నిండ నీళ్లున్నయి.

పదిహేను దినాలు గాలే, ఢిల్లీకెల్లి పెద్దోళ్లచ్చిండ్రు. సంస్థ ఈడ వెట్టాల్నా వద్దా తేల్చేది వాళ్లే. అండ్ల ఒక కండ్లద్దాలామె సీదా నా కాడికి వచ్చింది. "బాయి తవ్వింది నువ్వేనట. ఈ నీళ్లు అందరు తాగుతరా?" ఆమె మాట సారు తెలుగుల జెప్పిండు. చెప్పి తల వంచుకున్నడు. ఎన్క మన బిడ్డ ప్రేమమ్మ నిలవడి నా నోరే జూస్తున్నది.

ఆయన నన్ను బెదిరియ్యలే, ఆశ వెట్టలే. కని "లేదమ్మా" అంటే సంస్థ ఇంకో ఊరికి వోతుండె. బాయి పాడువడుతుండె. మనిద్దరం తవ్విన బాయి! పానం ఒప్పలేదే.

"తాగుతరమ్మా" అన్న. గంతటితోని ఊకున్ననా? "మా ఇంటామె గూడ గీ నీళ్లే తాగింది" అన్న.

ఆమె నా చెయ్యి వట్టుకొని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. తిరిగి చూస్తే ప్రేమమ్మ లేదు.

మొన్న కాయితం వచ్చింది. మంజూరయింది. నాకు గూడ నౌకరి, పర్మినెంటు. బాయి కాడ కావలి. మనోళ్లు అస్తే ఆపాలె. "కొన్ని దినాలే ఏలియా" అన్నడు సారు. నేను వద్దనలే. అందుకే పోయింది నీ బిడ్డ.

ఇయ్యాల మొదటి దినం. మన వాడకట్టు ఐలవ్వ వచ్చె. "ఒక్క కడువనే, కొడుక్కు జరమొచ్చింది" అన్నది.

పొమ్మన్ననే. గట్టిగనే అన్న.