చేబదులు కరెంటు

విద్యుత్ నియంత్రణ మండలి విచారణ గది బయట బల్ల మీద మనవరాలు ఫోను పట్టుకుని కూర్చుంది. తోడొచ్చిన తాత పక్కన చేరాడు.

"ఏమన్నారే?"

"మన డాబా మీద మిగిలిన సోలార్ కరెంటుని నా యాప్ పక్కింటికి పంపుతోంది కదా, అది అమ్మకమేనట. అమ్మాలంటే పెద్ద కంపెనీలకిచ్చే లైసెన్సు ఉండాలట. టీ తాగొచ్చి యాప్ మూయించేస్తారేమో."

"నువ్వు డబ్బులు పుచ్చుకోవు కదే. మనకి తక్కువైతే వాళ్ళ మిగులు మనకొస్తుంది, అంతేగా?"

"అంతే. కానీ బటన్ మీద 'అమ్ము' అని రాసింది నేనే. గొప్పగా ఉంటుందనుకున్నాను."

"నీ గొప్ప సంతకెళ్ళ. పక్కింటాయన నా గొడుగు చేబదులు పట్టుకెళ్ళి, దాని నీడలోనే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. నేను గొడుగుల వ్యాపారినని ఎప్పుడైనా చెప్పుకున్నానా?"

ఆమె చటుక్కున లేచి నిలబడింది.

"ఏమన్నావు తాతయ్యా? చేబదులా?"

లోపలినుంచి పిలుపొచ్చేసరికి ఆమె వేళ్ళు ఫోను మీద పరుగులు తీస్తున్నాయి. కాసేపటికి దాదాపు గెంతుతూ బయటికొచ్చింది.

"ఏడాదిపాటు నడిపి చూపించమన్నారు తాతయ్యా. పైసా చేతులు మారలేదని చూపించి, తప్పు మాట రాశానని ఒప్పుకున్నాను. కొత్త బటన్ చూసి అందరూ నవ్వేశారు. చేబదులుకి ఇంతవరకూ నియమమే లేదట. తీసుకున్నది ఎప్పటిలోగా తిరిగివ్వాలో నన్నే రాసి తెమ్మన్నారు."

"అయితే గొడుగులకి కూడా వర్తిస్తుందని ఒక ముక్క చేర్చవే తల్లీ."