క్లాసంతటికీ సెలవు

ఏది ముందో ఏది వెనకో కాస్త అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి. జరిగింది మాత్రం ఇదే.

కోతల మాస్టారు బడి నుంచి రిటైరయ్యారు గానీ కోతల నుంచి కాలేదు. ఆ సాయంత్రం టీకొట్టు బల్ల మీద ఆయన పక్కన తమ్ముడి కూతురు దిగాలుగా కూర్చుంది. మూడో తరగతికి కొత్త టీచరు. మర్నాడు ఇన్‌స్పెక్టరు ముందు పిల్లలు ఇంగ్లీషులో సొంతంగా రాయాలి. బోర్డు మీదున్నది అచ్చుగుద్దినట్టు దించుతారు. బోర్డు తుడిచేస్తే పెన్సిళ్ళు నములుతూ కూర్చుంటారు.

"ఏం చెయ్యను పెదనాన్నా? మొదటి ఉద్యోగం, పరువు పోయేట్టుంది."

"ఓస్, ఇంతేనా! నా క్లాసులో ఒకడికి పెన్సిలు పట్టుకోవడమే రాదు. వారంలో వాడిచేత ఒక వాక్యం రాయించాను."

"అంతవరకు నమ్మొచ్చు," అన్నాడు టీకొట్టాయన.

"ముందు విను. అది చూసి మిగతావాళ్ళకి రోషం పుట్టింది. రాయడం మొదలెట్టారయ్యా, ఆపితే ఆగరే! పెన్సిళ్ళు చెక్కిన పొట్టు నా మోకాళ్ళదాకా వచ్చింది, పారతో దారి చేసుకుంటూ పాఠం చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకడు వాన మీద వ్యాసం రాశాడు, చదువుతూ చదువుతూ ఇన్‌స్పెక్టరు గొడుగు విప్పాడు!"

"గదిలోనా?" అన్నాడు టీకొట్టాయన.

"గదిలోనే! కాగితం పిండితే బకెట్టు నిండింది. ఇంకొకడు ఎండ మీద రాస్తే, ఇన్‌స్పెక్టరు దాని మీద తడిసిన చొక్కా ఆరేసుకున్నాడు. చివరికి చేతులు జోడించి, 'వీళ్ళకింక చదువెందుకు మాస్టారూ' అని క్లాసంతటికీ సెలవిచ్చేశాడు!"

అమ్మాయి ముఖం ఇంకా చిన్నబోయింది.

పక్కన టీ ఊదుకుంటున్న దర్జీ మాస్టారి పాత శిష్యుడే. "సెలవిచ్చిన మాట నిజమేనమ్మా. ఇంగ్లీషులో ఏదైనా రాయమన్నాడు ఇన్‌స్పెక్టరు. మాకొచ్చిందల్లా సార్ బట్టీ పట్టించిన సెలవు చీటీ. 'జ్వరంగా ఉంది, సెలవివ్వండి' అని అందరం అదే రాసిచ్చాం. ఆయన హడలిపోయి ఇళ్ళకి పంపేశాడు. నేనొక్కణ్ణే బట్టీ మరిచిపోయి, మా కుక్క పిల్లల్ని పెట్టింది, నేను చూడాలి అని తప్పులతడకగా రాశాను."

అమ్మాయి కళ్ళు మెరిశాయి. "సొంతంగా రాసింది మీరే! రేపు మావాళ్ళనీ అదే అడుగుతాను, ఇంటికెళ్ళి ఏం చూడాలనుందో. తప్పులుంటే ఉండనీ. పెదనాన్నా, మీరూ రండి, పొట్టు ఊడుద్దురుగాని."

"రేపా? ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా."

"అయితే ఇంగ్లీషులో రాసివ్వండి సార్," అన్నాడు దర్జీ.

టీచరమ్మాయీ, నేను విన్నది రాశాను గానీ, ఆ చివరి మాటన్నది దర్జీయేనా, టీకొట్టాయనా? నువ్వక్కడే ఉన్నావుగా, చూసి దిద్దిపెట్టు.