గాంధారి మండలమంత నీలమైన పొద్దు

ఎల్లారెడ్డిలో సాలవ్వ చాయ్ హోటల్ బెంచీ మీద దేవరాజ్ కూర్చున్నాడంటే కబుర్లలో పడి చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే. ఆ రోజు గాంధారి తండా నుంచి పని మీద వచ్చిన ప్రేమ్‌సింగ్ కూడా పక్కనే ఉన్నాడు. దేవరాజ్ మొదలుపెట్టాడు.

"ఇప్పుడంటే పెండ్లికార్డులు ఫోన్ల పంపుతున్నరు గని సాలవ్వా, నాలుగేండ్ల కింద కామారెడ్డి బస్టాండు ఎదురుంగ, కార్డులు టైపుజేసే నా డీటీపీ దుకాణం ముంగట నిలబడ జాగ లేకుండె. యాదికొస్తే పానం గుంజుతది. ఒకపొద్దు ఈ ప్రేమ్‌సింగన్న ఉరికొచ్చిండు. బిడ్డ ప్రమీల పెండ్లి. తెల్లారితే తండాల చుట్టాలందరు చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర లారీలెక్కుతరు. మాపటీలికి కార్డు ముడితే ఆగుతరు, లేకుంటే పెండ్లికి మనిషుండడు. చూస్తే నా మౌసు తీగె ఎలుకలు కొరికినయి. ఇంకొకడైతే షట్టర్ గుంజుకొని పోతుండె. నేను వట్టి బటన్లతోనే షురూ జేసిన."

"మౌసు లేకుంట అయితదా బిడ్డా?" అని అడిగింది సాలవ్వ.

"నాతోటైతది. కంట్రోల్ సీ కొడితే పాత కార్డుల గణపతి లేసి నిలబడ్డడు, కంట్రోల్ వీ కొడితే కొత్త కార్డుల కూసున్నడు. నా వేళ్ల జోరుకు బస్టాండుల కండక్టర్లు టిక్కెట్లు కొట్టుడు ఆపి చూసిండ్రు. చెయ్యి తగిలి చాయ్ ఒలికింది. ఏం జేసిననో ఎరికేనా? చేసింది వాపస్ తీసుకునే బటనుంటది, కంట్రోల్ జెడ్. కొట్టిన. చాయంత మల్ల గిలాసలకెక్కింది."

"సక్కెర తోటేనా?" అంది సాలవ్వ.

"సక్కెర తోటే, పొగలు గూడ పోలే. గంతట్ల కార్డులు పట్టుకపోవాల్సిన గాంధారి ఆటో ఎల్లిపోయింది. మల్ల జెడ్ కొట్టిన. పద్మాజివాడి చౌరస్తా దాటిన ఆటో ఎనుకకెనుకకే వచ్చి దుకాణం ముంగట ఆగింది, నడుమ దిగినోళ్లు గూడ మల్ల ఎక్కి కూసున్నరు. గని ఒక్క ఆటో ఎన్ని తండాలు తిరుగుతది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంత ఒక్కసారే పట్టుకునే బటన్, కంట్రోల్ ఏ కొట్టిన. కంప్యూటర్ల అక్షరాలు నీలమైతయి సూడు, గట్ల గాంధారి మండలమంత నీలమైంది. ఇండ్లు, మేకలు, లారీలు, డ్రైవర్ మీసాలు, అన్ని నీలమే. ఇగ వీ కొట్టిన. ఎవరి చేతుల వాళ్లకు కార్డు. లారీలు ఖాళీగ పోయినయి, పెండ్లికి జనం ఇసుకేస్తే రాలలే. కావాల్నంటే అన్ననే అడుగు."

ప్రేమ్‌సింగ్ గిలాస కింద పెట్టాడు.

"జనం వచ్చింది నిజమే తమ్మీ. గని అన్ని బటన్లు కొట్టి, దాసిపెట్టే కంట్రోల్ ఎస్ ఒక్కటి మరిసితివి. కరెంటు పోయింది, టైపు చేసిందంత పోయింది. ఒక్క కార్డు అచ్చు గాలే."

సాలవ్వ పకపకా నవ్వింది. దేవరాజ్ చల్లారిన చాయ్ వైపు చూశాడు.

"గప్పుడు నువ్వు గూడ షట్టరే గుంజితివి," అన్నాడు ప్రేమ్‌సింగ్. "నన్ను బండెనుక ఎక్కించుకొని, పిలుపుకని చేతుల పోకచెక్కలు పెట్టుకుంట తెల్లారేదాక తండాతండా తిరిగితివి. మా లంబాడి మాట నీకు రాకున్నా, నాకంటే ముందుగాల నువ్వే పిలిస్తివి. లారీలెక్కినోళ్లు నిన్ను చూసి దిగిండ్రు. గది మాత్రం ఎన్నడు చెప్పవు."

"అండ్ల చెప్పనీకి ఏమున్నదన్నా," అన్నాడు దేవరాజ్. "బండి ఉన్నోడు ఎవడైనా తిరుగుతడు."