పేజీ అడుగున పేరు

తిరుచానూరులో నా పూలబుట్ట పక్కనే కూర్చుని, అవ్వా మనవరాలూ మాలలు కడుతూ మాట్లాడుకుంటున్నారు.

“ఊరికే ఆ ఫోను సూస్తావేందే?”

“మొగుడు కొడితే ఏం కేసు పెట్టొచ్చో చెప్పే పుస్తకం దీన్లో కొన్నానవ్వా. ఒక పేజీ స్నేహితురాలికి పంపిస్తే, అది మా వీధి ఆడోళ్ల గ్రూపులో పెట్టేసినాది.”

“పెడితే ఏమి? నలుగురూ సదువుకుంటారు.”

“ఎవురూ కాపీ కొట్టకుండా పేజీపేజీకీ అడుగున కొన్నోళ్ల పేరూ నంబరూ ఏసినారవ్వా. ఆ గ్రూపులో మా అత్త ఉండాది.”

“గిన్నెల మీద మనం పేరు కొట్టిస్తామే, అట్టనా? యాడికి పోయినా గిన్నె ఇంటికొస్తాది.”

“దీనికి మా ఆయనొస్తాడు. ఇదో, ఫోన్ చేస్తాండాడు!”

“ఎత్తొద్దు. పూలు ఆడ పెట్టి లెయ్యి. స్టేషన్లో ఏం చెప్పాల్నో ఆ పుస్తకంలోది దోవలో నాకు సదివి ఇనిపించు.”