చెంబు నీళ్లు, సోమయ్య సైకిలు

"అమ్మమ్మా, నీకు గ్యాస్ వెల్డింగ్ ఎట్లొచ్చింది? ఐటీఐల నేను అతికిన రేకులన్నీ బొక్కలే. మానేస్త ఇగ."

బొక్కలకే మానేస్తవా? ఓసి పిచ్చిదానా! నేను పెట్టిన బొక్కలు చూస్తే నవ్వి సచ్చేదానివి. మీ తాత చెయ్యి ఇరిగి కట్టుతోని కుర్చీల కూసున్నడు. మా వెల్డింగు షాపు మూస్తే ఎట్ల మరి? గ్యాసు మంట నన్నే పట్టమన్నడు. పాత నూనె డబ్బాలు కోపిచ్చి రేకులు ఇచ్చిండు. అన్నీ జల్లెడలైనయ్. "మంట ఒక్కకాడ పెట్టి ఏం చూస్తవే, ఇనుము కరిగినంక ముందుకు జరుపు" అని ఒకటే కేకలు. నోటికైతే కట్టు లేదు గదా ఆయనకు!

ఆ... సోమయ్యని ఒకాయనుండె. లోపలి గూడెం నుంచి బీడీల తునికాకు తెచ్చేటాయన. ఆకు పని మొదలైన రెండోనాడే సైకిలు ఈడ్చుకుంట వచ్చిండు, నడిమి పైపు ఇరిగింది. వాన పడ్డదంటే ఆకు ఐపాయె బిడ్డా. సైకిలు లేకుంటే కట్టలు ఆకు కొనే కళ్లం దాక ఎట్ల మోస్తడు? ఆయన మీ తాతను చూసిండు, తాత నన్ను చూసిండు. ఇగ నేను మంట ముట్టిచ్చిన.

అతుకు పెట్టిన. మంచిగనే పెట్టిన, నీ మీద ఒట్టు! అతుకు ఎర్రగ మండుతాంది. పక్కన నీళ్ల చెంబుండె. రోజూ పొయ్యిల కొరివి మీద నీళ్లు జల్లి బొగ్గులు దాసే చెయ్యాయె, ఊకుంటదా? కుమ్మరించిన. టింగుమన్నది. సన్నటి పగులు, ఈ కొస నుంచి ఆ కొస దాక.

ఆళ్లిద్దరు బయట ముచ్చట్ల పడ్డరు, ఎవలూ చూడలే. మసి పూస్తే తెల్వదు. పూద్దామనుకున్న కూడా, అబద్ధమెందుకు. కానీ మా షాపుల ఒక పద్ధతుండె: అతుకు పెట్టినోళ్లే ముందు ఆ సైకిలెక్కాలె. నాకు తొక్కరాదు, సోమయ్య తొక్కితే ఎనక క్యారేజీ మీద నేను కూసోవాలె. అది ఇరిగితే పోయేది నా నడుమే! అప్పుడు తట్టింది, నేను దిగినంక రేపు ఇరిగితే ఆయన నడుమే గదా అని.

"నీళ్లు పోసిన, పగిలింది" అని చెప్పేసిన. తిడ్తడనుకున్న. మీ తాత ఎంత నవ్విండంటే ఇరిగిన చెయ్యి నొచ్చి "అబ్బా" అన్నడు. "అది పొయ్యిల కట్టె కాదే, దానంతట దాన్ని చల్లారనియ్యి" అన్నడు.

ఆకురాయితోని పగులంత రాకి మళ్ల అతుకు పెట్టిన. ఈసారి చెంబు సోమయ్యే దాసిండు!

చల్లారినంక ఎక్కినం. వాగు దాక అన్నీ గుంతలే. నేను కండ్లు మూసుకొని రామయ్యకు మొక్కుతనే ఉన్న. "అక్కా, ఊపిరన్న తీస్కో" అంటడు సోమయ్య. తిరిగొచ్చి దిగి చూస్తే అతుకు చెక్కుచెదరలే. నాకు ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. ఆ ఏడు ఆకంతా ఆ సైకిలు మీదనే పోయింది.

చల్లగుండు బిడ్డా. బొక్కలు పడనియ్యి, ఏం కాదు. నువ్వు పెట్టిన అతుకు మీద నువ్వే ముందు కూసునేటంత ధైర్యం రావాలె నీకు. రేపు పో. కానీ... అతుకు చల్లారేదాక నీ నీళ్ల సీసా మాత్రం సంచిల నుంచి తియ్యకు.