పచ్చలైటు వెలిగిన డబ్బా

మందుల గోడౌన్. లోపల బల్ల దగ్గర అక్క కూర్చుని ఉంది. డెలివరీ బండి తోలే తమ్ముడు ఇప్పుడే లోపలికి వచ్చాడు.

"షట్టర్ దించు."

"దించడమేంటక్కా? బండిలో సగం డబ్బాలు కూడా ఎక్కించలేదు, ఇంకా..."

"దించమన్నానా లేదా?"

"దించా, దించా. ఇదిగో. అరవకు. ఏమైంది, బావతో గొడవపడ్డావా?"

"బావ మందుల డబ్బా తెచ్చావా?"

"ఫోన్లో నువ్వు ఆ గొంతుతో చెప్తే తేకుండా ఉంటానా? బావ స్నానానికి వెళ్ళగానే అల్మరాలోంచి లేపేశా. సొంత బావింట్లో దొంగతనం చేయించావు. ఇంక బ్యాంకు ఒక్కటే మిగిలింది."

"పొద్దున బిళ్ళ వేసుకున్నాడా?"

"వేసుకునే ఉంటాడు."

"ఉంటాడా, వేసుకున్నాడా?"

"వేసుకున్నాడక్కా! నా ముందే వేసుకున్నాడు. నీళ్ళు కూడా నేనే ఇచ్చా. ఏంటసలు?"

"గుండె దడగా ఉందన్నాడా? కళ్ళు తిరుగుతున్నాయనో, చెమటలు పడుతున్నాయనో..."

"బావకా? మేడమెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. నిన్న పైకెళ్ళి నీళ్ళ ట్యాంకులోకి తొంగి చూసి, మూత సరిగ్గా పెట్టలేదని నన్ను తిట్టి మరీ దిగాడు. మంచం దిగితే ఆయాసపడే మనిషి! అంతా నీ చలవే. నువ్వా రోజు ధైర్యం చేసి..."

"ఆ రోజు మాట ఎత్తకు."

"ఎవరున్నారిక్కడ? నువ్వూ నేనూ, చుట్టూ డబ్బాలు."

"ఎత్తకు అన్నా. మాస్టారికి ఇవాళ డబ్బా ఇచ్చావా?"

"లెక్కల మాస్టారికా? ఇచ్చా. ఇచ్చా అంటే... గేటుకి సంచీ తగిలించి వచ్చా."

"చేతికివ్వలేదా?"

"వాకిట్లో చెప్పులే చెప్పులు. అడుగు పెట్టే సందు లేదు. రిటైరయ్యాక ట్యూషన్లు చెప్తున్నాడుగా, ఆ పిల్లలు కాబోలు. అంతమంది ముందు లోపలికెళ్తే నా పరువేం కావాలి? ఆయన సంగతి నీకు తెలుసుగా, పదమూడో ఎక్కం అప్పచెప్తే గానీ కాగితం మీద సంతకం పెట్టడు. పోయిన నెల ఏడు పదమూళ్ళ దగ్గర ఆగిపోతే వాళ్ళావిడ వంటింట్లోంచి అందించింది."

"మరి సంతకం?"

"నేనే గీకేశా. ఆయన సంతకం కోడి కెలికినట్టుంటుంది, ఎవడు కనిపెడతాడు?"

"ఆయన్ని చూడనే లేదన్నమాట."

"చూళ్ళేదు. మెచ్చుకోవాలక్కా ఆయన్ని, అంతమంది ఉన్నా లోపల ఒక్క గొంతు లేదు. మా క్లాసయితే కప్పు లేచిపోయేది. ఏంటలా చూస్తున్నావు? చెప్పు, నాకు భయమేస్తోంది."

"కంపెనీ నుంచి మెయిలొచ్చింది. ఈ మందు ఆపెయ్యమని. ఇవాళే, ఇప్పుడే."

"ఏ మందు? బావదా?"

"బావ ఊపిరితిత్తుల మందే. వేరే ఊళ్ళలో తింటున్నవాళ్ళకి ఉన్నట్టుండి గుండె ఆగిపోతోందట. ఇద్దరు నిద్రలో పోయారు. ఒకాయన బస్సులో."

"పోయారంటే... పోయారా?"

"పోయారు."

"అక్కా, ఆగు. ఆగాగు. నాకు మొదట్నుంచి చెప్పు. ఇది పరీక్ష మందు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పిండి బిళ్ళ. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికేది వెళ్తోందో పేషెంటుకి తెలీదు, డాక్టరుకీ తెలీదు, నీకూ తెలీదు. డబ్బా మీద నంబరే ఉంటుంది. అంతేగా?"

"అంతే."

"కానీ నువ్వు కనిపెట్టావు."

"కనిపెట్టాననుకున్నా."

"అనుకోవడమేంటి? నువ్వే చెప్పావు కదా! పోర్టులో సరుకు ఆగిపోయినప్పుడు కొందరి డబ్బాలు మాత్రమే రాలేదు, మిగతావాళ్ళవి మామూలుగానే వచ్చాయి. అంటే రెండు రకాల్లో ఒక రకం మొత్తం పోర్టులో ఇరుక్కుంది."

"అవును."

"బావ డబ్బా రాలేదు. మాస్టారి డబ్బా వచ్చింది. ఓడలో వచ్చేది పిండి బిళ్ళే, అసలు మందుని ఎవరైనా ఓడలో అన్ని రోజులు నానబెడతారా, విమానంలో పంపుతారు గానీ... అన్నావు. అంటే బావది పిండి, మాస్టారిది మందు. అందుకే ఇద్దరి పేర్ల స్టిక్కర్లూ మార్చేశాం. అప్పట్నుంచి మాస్టారి డబ్బా బావకి, బావ డబ్బా మాస్టారికి."

"ఆ మొదటి నెల మాస్టారికి అదీ లేదు. సరుకు రాలేదని అబద్ధం చెప్పాం."

"పాపం, సరేలే అమ్మా అన్నాడు. పోనీలే, ఇప్పుడదంతా... అక్కా. అంటే బావ తింటున్నది అసలు మందు."

"అదే కదరా పొద్దున్నించీ..."

"గుండె ఆపే మందు."

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగా ఏంటి? మనమే చేతులారా పెట్టాం! నీళ్ళు కూడా నేనే ఇచ్చా! హాస్పిటల్‌కి తీసుకుపోదాం పద."

"హాస్పిటల్ వాళ్ళే ఫోన్ చేసి పిలుస్తున్నారు, మందు తిన్నవాళ్ళందర్నీ. రాగానే చేర్చుకుని, విరుగుడు ఎక్కించి, గుండెకి మిషన్ పెడతారట."

"మంచిది. మరి బావకి చేశారా?"

"వాళ్ళ లెక్కలో బావది పిండి బిళ్ళ కదా. బావకెందుకు చేస్తారు?"

"అయితే చెప్పేద్దాం. డాక్టరు దగ్గరికెళ్ళి మార్చామని చెప్పేద్దాం. ఉద్యోగం పోతే పోయింది. జైల్లో వేస్తే నన్ను వెయ్యమను, బండి తోలింది నేనే. మనిషి ముఖ్యం కదక్కా! ఆలోచిస్తావేంటి?"

"చెప్తా. చెప్పకుండా ఉంటానా? కానీ ఒక్కసారి చూసుకుని చెప్తా. అందుకే డబ్బా తెమ్మన్నా. ఆపేసిన నంబర్లన్నీ కంప్యూటర్లో లాక్ చేశారు. ఈ స్కానర్‌తో కొడితే, ఆపేసిన డబ్బాకి ఎర్రలైటు వెలుగుతుంది, మిగతావాటికి పచ్చలైటు."

"కొట్టు మరి."

"నేను చూడలేనురా. నువ్వు కొట్టు."

"ఇటివ్వు. ఎక్కడ పెట్టాలి? ఈ గీతల మీదా?"

"గీతల మీదే. కదల్చకు."

"కదల్చట్లేదు, అదే కదులుతోంది... కూసింది. అక్కా! అక్కా, కళ్ళు తెరువు. పచ్చ!"

"మళ్ళీ కొట్టు."

"పచ్చే! చూడు, ఇదిగో మళ్ళీ. మన పెరట్లో చిక్కుడాకంత పచ్చ!"

"మళ్ళీ."

"ఎన్నిసార్లు కొట్టినా పచ్చేనే తల్లీ! బావకేం కాదు. కూర్చో, కూర్చో, పడిపోయేట్టున్నావు. నీళ్ళు తాగు. ఏడుస్తావేంటి, మంచిమాట చెప్తే?"

"ఏడవట్లేదు."

"ముక్కు తుడుచుకో అయితే. అబ్బ! నా ప్రాణం ఎక్కడికో పోయి వచ్చింది. అక్కా, అంటే... బావ తింటున్నది పిండా?"

"పిండే."

"పిండికే మేడెక్కాడా? పిండికే నన్ను తిట్టాడా? నిజం మందు పడుంటే ట్యాంకు భుజాన వేసుకుని దిగేవాడేమో! ఈ సంగతి బావకి ఎప్పటికీ చెప్పకూడదు. ఊరంతా ఎక్కి దిగుతున్నాడు, తీరా చూస్తే... నవ్వవేంటక్కా?"

"ఆ పై అరలో మాస్టారి పేరున్న డబ్బా ఇలా ఇవ్వు."

"వచ్చే నెలదా? దీంతో ఇప్పుడేం పని?"

"ఇవ్వు."

"ఇదిగో. అదేంటి, నువ్వే కొడుతున్నావు? ఇందాక చూడలేనన్నావు. అక్కా? ... ఎర్రగా వెలిగిందేంటి?"

"పేరు మాస్టారిదేరా. లోపల నంబరు బావది."

"అంటే?"

"అంటే తప్పు లెక్క కట్టా. పోర్టులో ఆగింది పిండి కాదు. పిండి బిళ్ళలయితే పోర్టులో ఎవడాపుతాడు? శాంపిల్ తీసి, ల్యాబుకి పంపి, సంతకాల మీద సంతకాలు... మందు కాబట్టే ఆపారు. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. నాకా మాత్రం తట్టలేదు. బావకి మొదట్నుంచీ వస్తున్నదే అసలు మందు. దాన్ని తీసి..."

"మాస్టారికి ఇచ్చాం."

"ఇచ్చాం."

"అంటే మనం మార్చబట్టే బావ బతికాడు. అంతేగా? ఒకరకంగా మంచే జరిగింది."

"నోర్ముయ్."

"కాదక్కా, నేననేది..."

"నీ జేబులో ఫోన్ మోగుతోంది."

"బావ. ఎత్తనా?"

"ఎత్తు. మామూలుగా మాట్లాడు."

"ఆఁ బావా! చెప్పు... డబ్బానా? ఏ డబ్బా? నేనెందుకు తీస్తా... సరే, సరే, నేనే తీశా, అక్క అడిగింది... ఏంటి? ఎవరు? హాస్పిటల్ నుంచా?... ఇప్పుడే?... అంబులెన్సా? అంబులెన్స్ వీధి మలుపులో ఉందా?... కంగారు పడకు బావా, ఎక్కేసెయ్, అక్కని తీసుకొస్తా. ఎందుకో నాకేం తెలుసు? మామూలు చెకప్ అయ్యుంటుంది. పెట్టేస్తున్నా."

"ఏమంటున్నాడు?"

"బావ కోసం అంబులెన్స్ పంపారు. మందు తిన్నారు, కదలకుండా పడుకోండి అన్నారట. ఆయనేమో గోడౌన్‌కి నడిచి రమ్మన్నా వస్తానంటున్నాడు."

"వాళ్ళ లెక్కలో మందు బావదే కదా. బావకే ఫోన్ చేస్తారు. బావనే ఎక్కించుకుంటారు."

"మరి మాస్టారికి?"

"మాస్టారికి ఎవరూ చెయ్యరు. ఆ ఫోనిలా ఇవ్వు. డాక్టరుకి చెప్తా."

"ఆగక్కా. ఒక్క నిమిషం ఆలోచిద్దాం. ఇప్పుడే బండేసుకెళ్ళి గేటుకి తగిలించిన డబ్బా తెచ్చేస్తా. ఇంట్లో ఉన్నవి కూడా, సరుకు తేడా వచ్చింది మాస్టారూ అని అడిగి తెచ్చేస్తా. ఆయన తినడం ఆపేస్తాడు. ఎవరికీ ఏమీ తెలీదు."

"తిన్నదో? ఇన్నాళ్ళూ తిన్నది ఎవరు తీస్తారు? ఆయనకి విరుగుడు ఎక్కించాలి. ఎందుకని అడుగుతారు. చెప్పాలి."

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది. నాది పోతుంది. జైలక్కా. బావ గతేంటి? పిల్లల గతేంటి?"

"ఇందాక నువ్వే కదరా, ఉద్యోగం పోతే పోయింది, మనిషి ముఖ్యం అన్నావు?"

"అది..."

"అది బావ కాబట్టి. అంతేగా? నేనూ అంతే చేశాలే. బావ కాబట్టే స్టిక్కర్ మార్చా. ఇవ్వు ఫోను."

"డాక్టరుకి వద్దక్కా. ముందు మాస్టారికి చెయ్. బిళ్ళ వేసుకోవద్దను, మంచం దిగొద్దను. నేను బండి తీస్తా, నేనే మోసుకొచ్చి హాస్పిటల్లో పడేస్తా. అక్కడికెళ్ళాక నువ్వు ఏం చెప్పుకుంటే అది చెప్పుకో. నేనూ పక్కనే ఉంటా. సరేనా?"

"సరే. నంబరు చెప్పు."

"నొక్కా. రింగవుతోంది, పట్టుకో."

"ఎత్తట్లేదు."

"బాత్రూమ్‌లో ఉన్నాడేమో."

"ఎత్తట్లేదురా."

"పాఠం చెప్తూ ఉంటాడు. పాఠం మధ్యలో ఫోన్ ఎత్తడాయన. పిల్లల ఫోన్లు కూడా గిన్నెలో పెట్టించేస్తాడు. మళ్ళీ చెయ్."

"ట్యూషన్ సాయంత్రం కదరా పెడతాడు?"

"ఆఁ?"

"ఇప్పుడు బడి టైము. పిల్లలంతా బళ్ళో ఉంటారు. నువ్వు పొద్దున వెళ్ళినప్పుడూ బడి టైమే. ఏంటి అలా కూర్చుండిపోయావు? బండి తియ్యి."

"ఇవాళ నేర్చుకుని వెళ్ళానక్కా. ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి. దారి పొడుగునా అనుకుంటూనే వెళ్ళా."

"ఎక్కాలేంటిరా ఇప్పుడు? ఆ చెప్పులు... నువ్వు చూశావుగా, ఎలా ఉన్నాయి?"

"చెప్పుల్లాగే ఉన్నాయి."

"ఒరేయ్."

"సంచీ తగిలించడానికి వంగినప్పుడు కాలికి తగిలాయి. అప్పుడే అనిపించింది, ఏంటింత పెద్దవి అని. అనిపించినా వచ్చేశా."

"చెప్పరా!"

"వాటిల్లో ఒక్క జత కూడా పిల్లలది లేదక్కా."